గొలుసుకందని డల్లాస్

తుని స్టేషన్ రోడ్డులో ఇడ్లీ కొట్టు దగ్గర నిలబడి "మా అమ్మాయి దగ్గరికి డల్లాస్ వెళ్తున్నామండీ" అని నోరు జారాను. అంతే, నలుగురూ చుట్టూ చేరారు. అందరి నోటా రెండే ప్రశ్నలు. ఎంత దూరమండీ? ఎన్ని గంటలండీ? వీసా ఎలా వచ్చింది, టికెట్టు ఎంత పడింది అనేవి తర్వాత, రెండో వాయి ఇడ్లీ దిగాక. ముందు మాత్రం జనానికి దూరమే కావాలి.

ఇంకొకరైతే ఫోన్‌లో చూసి ఏదో అంకె చెప్పి చట్నీ వేయించుకునేవారు. నేను ముప్ఫై నాలుగేళ్లు సర్వే శాఖలో పనిచేసి, మండల సర్వేయరుగా రిటైరైనవాణ్ణి. దూరమంటే కొలిచి చెప్పాలి గానీ విని చెప్పకూడదు. అన్నదమ్ములిద్దరూ చెరో గట్టు మీదా నిలబడి పళ్లు నూరుతుంటే, మధ్యలో గొలుసు లాగించి "ఇదిగో, హద్దు ఇక్కడ" అని రాయి పాతించిన చెయ్యి ఇది. గొలుసంటే 66 అడుగులు, 100 లింకులు. లింకంటే ఎనిమిదంగుళాలు కూడా ఉండదు. ఆ ఒక్క లింకు తేడాకి మూడు తరాలు మాటల్లేకుండా బతికిన కుటుంబాలు నాకు తెలుసు.

అలాంటి నాకు మా అల్లుడుగారు ఫోన్‌లో చెప్పిన సమాధానం: "ఓ 14 వేలో 15 వేలో ఉంటుంది మావయ్యగారూ." అటో ఇటో వెయ్యి కిలోమీటర్లన్నమాట! మా ఆఫీసులో అలా రాసిస్తే మెమో ఇవ్వడానికి కాగితం వెతికే ఓపిక కూడా ఉండేది కాదు ఎవరికీ, నోటితోనే ఇంటికి పంపేసేవారు.

అందుకని నేనే కూర్చున్నాను.

మొదట గోడమీది ప్రపంచపటం మీద స్కేలు పెట్టాను. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటుకుంటూ చక్కగా పడమరకి పోయింది. పక్కింటి మేస్టారు, ఆయన హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరయ్యారు, కళ్లద్దాలు సవరించుకుని చూసి "పశ్చిమ దేశం కదండీ, పశ్చిమానికే పోవాలి" అని సంతకం పెట్టినంత ధీమాగా చెప్పారు. నాకెందుకో నమ్మకం కుదరలేదు. గోడ బల్లపరుపు, భూమి కాదు. నిజానికి మా శాఖలో భూమి బల్లపరుపే. అర కిలోమీటరు పొలానికి అది గుండ్రంగా ఉంటేనేం, పలకలా ఉంటేనేం. ముప్ఫై నాలుగేళ్లలో నా గొలుసు కింద భూమి ఒక్కసారీ వంగలేదు. కానీ ఇది అర కిలోమీటరు వ్యవహారం కాదే!

మేస్టారి ఇంట్లో స్కూలువాళ్లు పారేస్తుంటే తెచ్చుకున్న గ్లోబు ఒకటుంది. మా ఆవిడ మాలకట్టుకునే దారం తీసుకుని హైదరాబాద్ మీద ఒక వేలు, డల్లాస్ మీద ఒక వేలు పెట్టి బిగించి లాగాను. దారం ఆఫ్రికా వైపు కన్నెత్తి చూడలేదు. సర్రున జారి నెత్తికెక్కింది. రష్యా మీదుగా ఉత్తర ధ్రువం పక్కకి పోయి, కెనడా మీదుగా అవతలికి దిగింది. మేస్టారు దారాన్ని మళ్లీ పడమరకి సర్దారు. వదిలేయగానే అది మళ్లీ నెత్తికెక్కింది.

ఆ రాత్రి పాత లాగరిథమ్ పుస్తకం తీశాను. శంషాబాద్ విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 17.2 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 78.4. డల్లాస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం ఉత్తరం 32.9, పడమర 97. రేఖాంశాల తేడా 175 డిగ్రీల పైచిలుకు. అంటే మనం ఈ చెవి దగ్గరుంటే వాళ్లు ఆ చెవి దగ్గర. ఈ చెవి నుంచి ఆ చెవికి నూనె పోవాలంటే మొహం చుట్టూ తిప్పుతామా, మాడు మీదుగా రాస్తామా? సైన్లూ కొసైన్లూ కూడితే దూరం సుమారు 14,400 కిలోమీటర్లని తేలింది. ఆ సూటి దారి ధ్రువానికి 500 కిలోమీటర్ల చిల్లర దూరంలోంచి పోతుంది.

దాన్ని గొలుసుల్లోకి మారిస్తే దాదాపు 7 లక్షల 16 వేల గొలుసులు. రోజుకి రెండొందల గొలుసులు లాగినా, సెలవులూ వర్షాలూ లేకుండా, పదేళ్లు పడుతుంది. ఈ లెక్క నా దగ్గర ఇరవయ్యేళ్లు చైన్‌మన్‌గా చేసినతనికి చెబితే చాలాసేపు ఆలోచించి "మధ్యలో టీ ఎక్కడ తాగుతాం బాబుగారూ?" అన్నాడు. ధ్రువం సంగతి నాకే ఇంకా తేలలేదు, టీ సంగతేం చెప్పను.

నవ్వకండి. ఇంత పిచ్చిపనీ చేసినవాడు ఒకడున్నాడు. విలియం లాంబ్టన్ అనే కంపెనీ దొరల కాలపు సర్వేయరు 1802లో మద్రాసు దగ్గర గొలుసు పరిచి మొదలుపెట్టి, త్రిభుజాల మీద త్రిభుజాలు అల్లుకుంటూ, అసలు భూమి ఎంత వంగిందో తేల్చడానికి జీవితమంతా ధారపోశాడు. 1823లో హింగన్‌ఘాట్‌లో చనిపోయేదాకా కొలుస్తూనే ఉన్నాడు. కోణాలు కొలిచే ఆయన థియోడలైట్ బరువు అర టన్ను. దాన్ని ఇంగ్లండు నుంచి తెస్తుంటే దారిలో ఫ్రెంచివాళ్లు ఓడని పట్టుకుని మారిషస్‌కి తోలుకుపోయారు. తర్వాత ఇదేదో కొలతల సామాను అని గ్రహించి మర్యాదగా మద్రాసు పంపించారు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదకి ఎక్కిస్తుంటే అది గోడకి కొట్టుకుని దెబ్బతింటే, ఆయనే కూర్చుని బాగుచేసుకున్నాడు. ఈ మారిషస్ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇంతకీ నా తప్పేమిటంటే, ఈ లెక్కంతా మా ఆవిడ ముందు గొప్పగా చెప్పాను. "మనం వెళ్లేది పడమరకి కాదోయ్, ఉత్తరానికి" అన్నాను, కొత్త ఖండాన్ని కనిపెట్టినవాడిలా.

ఆవిడ ఏమీ అనకుండా పంచాంగం తెచ్చింది. టికెట్టు బుధవారం తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకి. "మంగళ, బుధవారాలు ఉత్తరానికి వారశూల" అంది.

నేను కంగారుగా, టికెట్టు బుధవారానిదే కదా, మంగళవారం గొడవెందుకు అన్నాను. అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. విమానాలవాళ్లకి అర్ధరాత్రి పన్నెండుకి రోజు మారుతుందట గానీ మా ఇంట్లో సూర్యుడొస్తేనే మారుతుంది. తెల్లవారుజాము 4:20 అంటే మా ఆవిడ లెక్కలో ఇంకా మంగళవారం రాత్రే. "మంగళవారం గడప దాటించి, బుధవారం ఉత్తరానికి తిప్పుతారా? రెండు దోషాలూ కలిపి కొన్నారా టికెట్టుతో?" అని అడిగింది. మంగళవారమా బుధవారమా అన్న తగాదాలో నేను ఏ పక్కనున్నా శూల ఉత్తరానే ఉంది. గోడమీది పటమే నమ్ముకుని పడమరకి పోయుంటే ఈ బాధ లేకపోను.

"మొదట దిగేది దుబాయ్‌లో కదా, అది పడమరకే" అని సర్దబోయాను.

"గ్లోబు మీద చూపించండి."

చూపించాను. వాయవ్యం.

"వాయవ్యంలో సగం ఉత్తరమే" అంది. మా శాఖలో చేరాల్సిన మనిషి.

చివరికి దారి ఆవిడే చూపించింది. ప్రస్థానం. మంచి ముహూర్తానికి ఓ సంచీ తీసుకెళ్లి ఇంకొకరింట్లో పెట్టేస్తే ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. ఆ తర్వాత మనం ఎప్పుడు కదిలినా శూలకి మనతో పని లేదు. ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి ఓ సంచీలో రెండు చీరలూ, నా పంచెల చాపూ, పసుపుకొమ్మూ పెట్టి మేస్టారి వరండాలో దింపొచ్చాం. ఆదివారం పడమరకి శూల, కానీ మేస్టారి ఇల్లు మాకు తూర్పున. చట్టప్రకారం మా అమెరికా ప్రయాణం అక్కడ, ఆయన వాలుకుర్చీ పక్కన మొదలైంది. విమానాల టికెట్ల మీద ఈ సమయం వెయ్యరు.

ఇక గంటల సంగతి. ఇక్కడ దూరం కన్నా పెద్ద గందరగోళం ఉంది.

టికెట్టు మీద బయలుదేరడం బుధవారం పొద్దున 4:20. చేరడం బుధవారం సాయంత్రం 5:15. మేస్టారు వేళ్ల మీద లెక్కేసి "పన్నెండు గంటల యాభై అయిదు నిమిషాలు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తుని నుంచి సికింద్రాబాద్ పోయినట్టే" అన్నారు. కిందనే చిన్న అక్షరాల్లో మొత్తం ప్రయాణం 23 గంటల 25 నిమిషాలని వేసుంది. ఆ పదిన్నర గంటలూ ఎటు పోయాయని ఆయన ప్రశ్న.

ఈ విషయంలో మాకో హక్కు ఉందనుకోండి. భారతదేశానికంతటికీ టైమిచ్చే 82½ డిగ్రీల రేఖాంశం ఎక్కడో మీర్జాపూర్ మీదుగా పోతుందని పుస్తకాల్లో రాస్తారు గానీ, కిందకి గీసుకుంటూ వస్తే అది అన్నవరానికీ తునికీ నడుమగా వచ్చి సముద్రంలో దిగుతుంది. 1906 నుంచీ దేశం గడియారం మా ఊరి పొలిమేరల్లో ఉంది. అయినా అన్నవరం నుంచి తునికి రావలసిన బస్సు ఏనాడూ టైముకి రాలేదు, అది వేరే విషయం. ఆ గీతకి డల్లాస్ గడియారం ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక. దాంతో మనం రోజంతా ప్రయాణం చేసినా అక్కడ సగం రోజే గడుస్తుంది.

మేస్టారికి ఇదేం నచ్చలేదు. ఆయన దగ్గర ఇంకా మంచి ఉపాయం ఉంది. "భూమి తూర్పుకి తిరుగుతోంది కదా. విమానం పైకి లేచి గాల్లో ఊరికే నిలబడితే సరి. పన్నెండు గంటల్లో అమెరికా దానంతటదే కిందకి వస్తుంది. అప్పుడు దిగడమే. డీజిలు ఖర్చు కూడా ఉండదు." హైదరాబాద్ దగ్గర నేల గంటకి దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందనీ, దాంతోబాటు గాలీ, గాల్లోని విమానమూ, విమానంలోని మనమూ తిరుగుతున్నామనీ చెప్పాను. కదిలే రైల్లో ఎగిరితే వెనక బోగీలో పడతామా అని ఉదాహరణ కూడా ఇచ్చాను. ఆయన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ప్రస్థానం సంచీ ఆయన దగ్గరుంది కాబట్టి నేనే వెళ్లి బతిమాలుకున్నాను.

నేరుగా పోయే విమానం ఎందుకు లేదని కూడా అందరూ అడిగారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా ఒకటి వేసింది, అది కొన్నాళ్ల ముచ్చటే అయింది. డల్లాస్‌కి అదీ లేదు. దుబాయ్ మీదుగా అయితే మొదట 2,550 కిలోమీటర్లు, ఆ తర్వాత 12,900. కలిపితే 15,450. సూటిదారి కన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. అల్లుడుగారు చెప్పిన పద్నాలుగో పదిహేనో మాట ఇలా నిజమైంది. ఒకటి కాకి దూరం, ఇంకోటి టికెట్టు దూరం. ఆయనకి ఫోన్ చేసి ఒప్పుకుందామనుకున్నాను గానీ, మావగారి హోదాలో ఉండి తొందరపడటం ఎందుకని ఊరుకున్నాను.

సోమవారం సాయంత్రం ఆరున్నరకి ఇంట్లోంచి కదిలాం. రాత్రంతా రైలు. దాదాపు 600 కిలోమీటర్లకి పదకొండు గంటల పైన. మంగళవారం బావమరిది ఇంట్లో పెట్టెలు తూచుకోవడంతోనే సరిపోయింది. మనిషికి రెండు పెట్టెలు, పెట్టె 23 కిలోలు. మా ఆవిడ ప్యాకింగులో ఒక పెట్టె 22 కిలోల 990 గ్రాములు వచ్చింది. మా కాలంలో ఇంత కచ్చితంగా కొలిచినవాళ్లకి ప్రశంసాపత్రం ఇచ్చేవారు. మిగతా మూడింట్లోంచీ చారుపొడి, వడియాలు అటూఇటూ మార్చి, చివరికి నా చెప్పులు బావమరిది ఇంట్లో వదిలేసి ఆవకాయ జాడీకి చోటు చేశాం.

శంషాబాద్ గురించి పెద్దగా చెప్పను, అందరూ చూసిందే. విమానం తెల్లవారుజామునైతే ముందురోజు రాత్రి పదిన్నరకే బయలుదేరాలన్న సంగతి మాత్రం మా బంధువుల్లో కొందరికి ఎక్కలేదు. బుధవారం ప్రయాణమని చెబితే బుధవారం రాత్రి స్వీటు పొట్లాలతో బావమరిది ఇంటికి వచ్చారట. అప్పటికి మేం గ్రీన్‌లాండ్ దాపుల్లో ఉన్నాం.

రెండో విమానం సీటు ముందున్న తెరలో మ్యాపు పెట్టుకోవడమే నేను చేసిన పొరపాటు. ఎంత దూరం వచ్చాం, ఎంత మిగిలింది, ఎంత ఎత్తు, ఎంత వేగం, బయట చలెంత, అన్నీ అంకెలే. బయట సున్నాకి దిగువన యాభై డిగ్రీలు, కింద పదకొండు కిలోమీటర్లు. పక్కనున్నవాళ్లు సినిమాలు చూస్తుంటే నేను అంకెలు చూస్తూ కూర్చున్నాను. ఏ కూలీ, ఏ గొలుసూ లేకుండా దూరం దానంతటదే కొలుచుకుంటుంటే సర్వేయరుకి నిద్రెలా పడుతుంది? మా ఆవిడ మాత్రం మంచి నిద్రలోంచి లేచి తెర చూసింది. దుబాయ్ నుంచి లేచిన విమానం ముక్కు ఉత్తరానికి పెట్టి ఇరాన్ మీద పోతోంది.

"ఉత్తరమేగా?"

"ఉత్తరమే."

"ప్రస్థానం పెట్టబట్టి సరిపోయింది" అని మళ్లీ పడుకుంది.

పదహారుంపావు గంటలు పట్టింది ఆ రెండో ముక్కకి. తిరుగు ప్రయాణంలో అదే దూరం పద్నాలుగున్నర గంటల్లో తెగింది. కొలతలవాణ్ణి కాబట్టి నాకిది మింగుడు పడలేదు. వెళ్లేటప్పుడు ఒక కొలత, వచ్చేటప్పుడు ఒక కొలత వచ్చే పొలం ఎక్కడైనా ఉంటుందా? కారణం పైన వీచే గాలి. పడమర నుంచి తూర్పుకి, నదిలా, అంత ఎత్తులో ఓ ప్రవాహం నడుస్తూ ఉంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. దాన్ని 1920ల్లోనే బెలూన్లు వదిలి పట్టుకున్నవాడు ఓయిషి వాసబురో అనే జపాన్ శాస్త్రవేత్త. పట్టుకున్నది బాగానే పట్టుకున్నాడు. ప్రపంచమంతా చదవాలని దాన్ని ఎస్పెరాంటో అనే ప్రపంచ భాషలో అచ్చేయించాడు. దాంతో ప్రపంచంలో దాదాపు ఎవరూ చదవలేదు. 1944లో జపాన్ మీద బాంబులెయ్యడానికి పోయిన అమెరికా విమానాలు ఆ గాలిలో ఇరుక్కున్నాకే అవతలివాళ్లకి బుర్రకెక్కింది. మా శాఖలో పొలం కొలతల పుస్తకాల, అంటే ఎఫ్‌ఎంబీల, గతీ ఇంతే. తగాదా వచ్చినరోజునే తెరుస్తారు.

డల్లాస్‌లో దిగాం. విమానాశ్రయం 17 వేల ఎకరాల పైమాటే అని అల్లుడుగారు చెప్పగానే నా గుండె గుభేలుమంది. శంషాబాద్ 5,500 ఎకరాలు, దాన్నే మేం పెద్దదనుకున్నాం. న్యూయార్క్‌లో మన్‌హట్టన్ దీవి మొత్తం దీంట్లో పట్టి ఇంకా మిగులుతుందట. అన్ని ఎకరాల్లో ఏ బెల్టు మీదకీ రాకుండా పోయింది మా నాలుగో పెట్టె, ఆవకాయ పెట్టె. అది దారిలోనే ఆగిపోయిందన్నారు. మా ఆవిడ మొహం చూసి నేను మారిషస్ కథ చెప్పాను. లాంబ్టన్ థియోడలైట్ కూడా దారి తప్పిందనీ, తర్వాత భద్రంగా వచ్చిందనీ అన్నాను. "ఆయన దాంట్లో నూనె కారదు" అంది. రెండ్రోజులకి పెట్టె ఇంటికే తెచ్చిచ్చారు. మూత బిగువుగానే ఉంది. థియోడలైటు కన్నా క్షేమంగా వచ్చింది.

డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో అమ్మాయి ఇంటి గడప తొక్కేసరికి అక్కడ బుధవారం రాత్రి ఎనిమిది. మన దగ్గర గురువారం పొద్దున ఆరున్నర. టికెట్టు ప్రకారం 23 గంటల 25 నిమిషాలు. తుని ఇంటి గుమ్మం నుంచైతే 60 గంటలు. మేస్టారి వరండాలో సంచీ పెట్టిన దగ్గర్నుంచీ లెక్కేస్తే 94. మూడింట్లో ఏది సరైనదంటే మా ఆవిడ మూడోదే అంటుంది. నేనూ అదే రికార్డులో ఎక్కించాను.

ఆర్నెల్లున్నాం అక్కడ. నాకు కొత్తగా అనిపించినదొక్కటే. ఆ దేశంలో దూరం అడిగితే టైము చెబుతారు. గుడి ఎంత దూరమంటే ఇరవై నిమిషాలు. హ్యూస్టన్ ఎంత దూరమంటే నాలుగు గంటలు. మైళ్లు ఎన్నో ఎవరికీ పట్టదు. మొదట్లో చిరాకేసింది. తర్వాత మన కూతవేటు దూరం, ఆమడ దూరం గుర్తొచ్చాయి. ఆమడ ఎంతన్నది ఊరికో లెక్క, కూతవేటు ఎంతన్నది గొంతుని బట్టి. మా అత్తగారు ఇప్పటికీ అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు వీధి చివరిదాకా వినపడేలా అరుస్తుంది. దూరం ఎక్కువ కదా మరి, గొంతూ ఆ మేరకి ఉండాలి కదా అంటుంది.

ఇంకో సంగతి చూసి మాత్రం నా కళ్లు చెమర్చాయి. మనం కిలోమీటర్లలోకి వచ్చేశాం గానీ వాళ్లు ఇంకా మైళ్లలోనే ఉన్నారు. మైలంటే సరిగ్గా 80 గొలుసులు. ఎకరం అంటే పది చదరపు గొలుసులు. మా శాఖ కండెమ్ చేసి వేలం వేసిన గొలుసు పేరు తెలియకుండానే అమెరికా రోడ్డు బోర్డులన్నిటి మీదా కూర్చుని ఉంది. ఈ మాట మనవరాలికి చెప్పాను. దానికి ఎనిమిదేళ్లు. "తాతయ్యా, చెయిన్ అంటే డాగ్‌కి వేసేదా?" అంది.

ఊరుకుంటే పరువేం కాను? తాడు కొనిపించి, 66 అడుగులకి కోసి, పది లింకులకో ముడి వేశాను. అసలు గొలుసుకైతే ముడులుండవు, ఇత్తడి బిళ్లలుంటాయి. మనవరాలు చైన్‌మన్, నేను సర్వేయరు. ఇంటి గుమ్మం నుంచి పార్కు ఉయ్యాలదాకా 19 గొలుసుల 40 లింకులు. అల్లుడుగారి ఫోన్ ఆ దూరాన్ని ఆరు నిమిషాల నడక అంది. మనవరాలు నా వైపే మొగ్గింది. ఎదురింటాయన బయటికొచ్చి, తన లాను గట్టు జరుపుతున్నామేమోనని కాసేపు నిలబడి చూసి పోయాడు. హద్దుల భయం అన్ని దేశాల్లోనూ ఒకటే.

హద్దు జరపడమంటే గుర్తొచ్చింది. నవంబరు మొదటి ఆదివారం పొద్దున్నే లేచేసరికి ఇంట్లో గడియారాలన్నీ గంట వెనక్కి పోయి ఉన్నాయి. ముందురోజు దాకా తునికీ మాకూ పదిన్నర గంటల తేడా. తెల్లారేసరికి పదకొండున్నర. మేం కదల్లేదు, తుని కదల్లేదు. ఎవడో రాత్రికి రాత్రి హద్దు రాయి పీకి గంట అవతల పాతేశాడు. మన దగ్గరైతే కేసయ్యేది. అక్కడ ప్రభుత్వమే ఏటా రెండుసార్లు, మార్చిలో ఒకసారి నవంబరులో ఒకసారి, చట్టం చేసి మరీ ఈ పని చేస్తుంది.

తిరిగొచ్చి మూడు నెలలైంది. ఇడ్లీ కొట్టు దగ్గర మళ్లీ అవే ప్రశ్నలు. ఎంత దూరమంటే కాకి దూరమా, టికెట్టు దూరమా అని అడుగుతున్నాను. ఎన్ని గంటలంటే, వెళ్లేటప్పుడా వచ్చేటప్పుడా, ప్రస్థానంతోనా లేకుండానా అని అడుగుతున్నాను. ఈమధ్య అడిగేవాళ్లు తగ్గారు. మేస్టారు మాత్రం విమానం గాల్లో నిలబెట్టే ఆలోచన ఇంకా మానుకోలేదు.

మనవరాలు ప్రతి ఆదివారం వీడియోలో ఒకటే అడుగుతోంది, నిజం గొలుసు ఎప్పుడొస్తుందని. వేలంలో కొనుక్కున్నది నా దగ్గరుంది. నూరు లింకులూ ఉన్నాయి, ఇత్తడి బిళ్లలు చింతపండుతో తోమించాను. మూడున్నర కిలోలు తూగింది. ఇది చదివేవాళ్లలో ఎవరైనా డల్లాస్ వైపు, అంటే ఫ్రిస్కోయో ప్లేనోయో ఇర్వింగో వెళ్తూ, పెట్టెలో మూడున్నర కిలోలు ఖాళీ ఉంచగలిగితే దయచేసి చెప్పండి. చేతిసంచీలో మాత్రం పెట్టుకోవద్దు, సెక్యూరిటీ దగ్గర సమాధానం చెప్పలేక చస్తారు. ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. తునిలో దిగి, స్టేషన్ రోడ్డులో ఇడ్లీ కొట్టు దగ్గర సర్వేయరుగారిల్లు అంటే చూపిస్తారు. కొట్టు నుంచి మా గుమ్మానికి 11 గొలుసుల 6 లింకులు.